యెరూషలేము కోసం మానేసిన అన్నం

నా చిన్నప్పుడు గోపన్‌పల్లి ఇంకా ఊరే. అపార్ట్‌మెంట్లు లేవు, మాకో పెంకుల ప్రార్థన మందిరం ఉండేది. ఆ వర్షాకాలం మా అమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఆ నెలంతా కూటాలు పెట్టిన ప్రసంగీకుడు గోడకు ఇశ్రాయేలు పటం తగిలించి, యూదుల కోసం ప్రార్థించే ఇంటికి దేవుడు ఏ కీడూ రానివ్వడని చెప్పాడు. ఎనిమిదేళ్ల నాకు అది అమ్మకు దొరికిన మందులా వినిపించింది.

మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం అన్నం మానేశాను. బడికి తెచ్చుకున్న డబ్బాలోని అన్నం కుక్కకు పెట్టి, మోకాళ్లు మంటపుట్టేదాకా యెరూషలేము కోసం ప్రార్థించేదాన్ని. అమ్మ ముఖం చూసి, ఇంకా గట్టిగా అడగాలేమో అనుకునేదాన్ని. తొమ్మిదో రోజు అమ్మ పోయింది.

సమాధి దగ్గర ఆ ప్రసంగీకుడికి నా ఉపవాసం గురించి చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. "నీకు విశ్వాసం చాలలేదమ్మా," అన్నాడు గొడుగు దులుపుకుంటూ. ఆయన్నీ, ఆ గొడుగునూ నేనింకా క్షమించలేదు.

మా తాతయ్య, నాన్న వాళ్ల నాన్న, అది విన్నాడు. "అయ్యగారూ, పసిపిల్లతోని ఏం మాటలయ్యా గవి? నన్ననుండ్రి. దవాఖానకు రేపు పోదాం, ఎల్లుండి పోదాం అన్నది నేను," అన్నాడు అందరి ముందూ. నా వైపు తిరిగి, "నా ఆలస్యంతోనే పోయింది బిడ్డా మీయమ్మ," అన్నాడు. అది నిజమో, నా బరువు దించడానికి చెప్పిన అబద్ధమో ఈనాటికీ తెలియదు. ఆ మాటకు మా మేనమామలు ఆయన బతికినంతకాలం మా గడప తొక్కలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆయన యూదులనూ తలచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "వాండ్లేం జేసిండ్రు బిడ్డా? వాండ్ల పిల్లలకు గూడ తల్లులుంటరు," అన్నాడు. ఆ ప్రార్థనకు బదులుగా ఆయన దేవుణ్ని ఏమీ అడగలేదు.

ఇప్పుడా మందిరం అద్దాల మేడ. వేదిక మీద ఇశ్రాయేలు జెండా. ఆ దేశాన్ని దీవిస్తే ఉద్యోగాలు పోవని మా పాస్టరు సాఫ్ట్‌వేరు పిల్లలకు చెబుతాడు. నేను లేచి, అలా బేరం పెట్టొద్దని అంటాను. "ఆంటీ, జర కూర్చోండి," అని ఆ పిల్లలు నవ్వుతారు. యూదుల కోసం నేనూ మోకరిస్తాను, తాతయ్యలాగే. కానీ ఆయన అంత నింద మోసినా, నేను ఇంకొక్క పూట అన్నం మానేసి ఉంటే అమ్మ బతికేదేమోనన్న ఆలోచన మాత్రం నన్ను వదలలేదు.