ఉస్తానీ అడిగిన మాట

రాజమండ్రిలో మా వీధి ఆడపిల్లలకు ఖురాన్ చెప్పిన ఉస్తానీ ఒక కథ దగ్గరికి రాగానే పుస్తకం మూసేసేది. దేవుడి ఆజ్ఞ మీద నేటికీ లోకంలో తిరుగుతుంటాడనే ఒక జ్ఞాని, అందులో దారిలో కనబడిన పిల్లవాణ్ణి చంపేస్తాడు. వాడు పెద్దయితే తల్లిదండ్రుల్ని చెడగొడతాడనీ, బదులుగా దేవుడు వాళ్లకు ఇంకా మంచి బిడ్డనిస్తాడనీ చెబుతాడు.

"అప్పటికి వాడేం చేశాడు?" అని ఆమె అడిగేది.

"ఏమీ చెయ్యలేదండి," అనేవాళ్లం.

ఆమె పెద్దకొడుకు కలరాతో పోయాడు. మరుసటి ఏడు రెండోవాడు పుట్టాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మేం చదువుతుండగా ముసలి ఫకీరొకాయన వచ్చి అరుగు మీద కూర్చుని నీళ్లడిగాడు. వాకిట్లో ఆడుతున్న రెండోవాణ్ణి చూసి నవ్వాడు. ఉస్తానీ బిడ్డను గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ఆ కథలో జ్ఞాని మీరేనా?" అంది. ఆయన నీళ్ల చెంబు అందుకున్నాడు. "ప్రాణం తీసే బదులు వాడి మనసు మార్చలేకపోయారా? తల్లినొక మాట అడిగారా?"

ఆయన నీళ్లు తాగి, గోదారి వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు చూస్తే, ఎండకు బీటలిచ్చిన ఆ అరుగు మీద, ఆయన కూర్చున్నంత మేరా పచ్చగడ్డి మొలిచింది. ఆ జ్ఞాని ఎక్కడ కూర్చుంటే అక్కడ గడ్డి మొలుస్తుందని మా పెద్దలు చెప్పేవారు. మేం దూరం జరిగాం. ఉస్తానీ మాత్రం కూర్చుని పరక పరకా పీకుతోంది.

"పీకకమ్మా, అది ఆయన దీవెన," అంది పక్కింటి ముసలామె.

"దీవెన నేనడగలేదండి," అంది ఉస్తానీ. "అడిగినదానికి జవాబు చెప్పమనండి."