పక్కింట్లో సర్దిన సంచి

“ఇన్ని కొత్తబట్టలు కుక్కినావు, ఒక్క పాతగుడ్డ పెట్టుకోవా?”

“పెట్టుకోను అవ్వా. ఆసుపత్రోళ్ళు రాసిచ్చిన కాగితంలో పాతగుడ్డ అని యాడా ల్యా.”

“కాగితం బిడ్డను తుడుస్తుందా?”

“నీ చీర పీలికలు తుడుస్తాయా? నీకు ఏదీ పారేయబుద్ధి గాదు. అందుకే నా నెత్తిన పెడతాండావ్.”

మనవరాలు ఆ మాట అన్నాక నేనూ ఊరుకోలేదు. నెలలు నిండిన మనిషితో పోట్లాడకూడదని తెలిసీ పోట్లాడాను. ఆ కోపంలోనే దండెం మీది గుడ్డను విసురుగా లాగాను. మూడుసార్లు ఉడకబెట్టి, మూడు రోజులు ఎండలో వేసిన పాత నూలుచీర ముక్క అది. మడత పెట్టబోతే ముఖానికి తగిలింది. ఎండవాసన, గంజి పూర్తిగా వదిలిన నూలు వాసన. నా కోపం సగం అక్కడే పోయింది. ఇన్నేళ్ళయినా ఆ వాసన నాకు ఒక్క మనిషినే గుర్తుకు తెస్తుంది. ఆళ్లగడ్డలో మా పక్కింటి దూదేకుల హుసేనమ్మ. ఆమెను చూసినవాళ్ళలో మా ఇంట్లో ఇప్పుడు మిగిలింది నేనొక్కతెనే. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. అక్కడ నేర్చినవి చాలావరకు మరిచిపోయాను. హుసేనమ్మ దగ్గర నేర్చినవి మరిచిపోలేదు.

ఆమె పొడుగ్గా, ఎండిన కందికట్టెలాగ ఉండేది. భర్త విల్లుతో దూది ఏకేవాడు, ఆమె పరుపులు కుట్టేది. ఎప్పుడు చూసినా కనుబొమల మీద దూదిపోగులు, రవిక భుజానికి గుచ్చిన సూది ఒకటి కనిపించేవి. మా రెండిళ్ళ నడుమ రొమ్ముల ఎత్తు మట్టిగోడ ఒకటే అడ్డం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, బాగా నలిగిన చీర ఒకటి చించి ఇల్లు అలికే గుడ్డగా వేసుకోబోయాను. గోడ అవతల నుంచి చూసిన హుసేనమ్మ చెయ్యి చాచి దాన్ని లాక్కుంది. “ఇది ఇప్పుడే పనికొచ్చే ఈడుకు వచ్చింది ఓబులమ్మా. కొత్తచీర పెద్దోళ్ళకు, పాతచీర పసిబిడ్డకు” అంది. నాకప్పుడు బిడ్డలు లేరు. సిగ్గుతో తల వంచుకున్నాను గానీ, ఆ తర్వాత ఒక్క నూలుచీరనూ నేలకు వాడలేదు.

నా మొదటి బిడ్డ మగవాడు. వాడు కడుపులో ఉండగా ఏడో నెలలో మా అమ్మ సంబరం పట్టలేక ఒక టోపీ, ఒక చొక్కా కుట్టి పంపింది. కాన్పు ఇంట్లోనే అయింది. మంచి చలికాలం. వాడు మూడు రోజులే ఉన్నాడు. మా అత్త ఆ తప్పు నా మీద వేయలేదు, మా అమ్మ మీదా వేయలేదు, టోపీ మీద వేసింది. బిడ్డ నేలమీద పడకముందే వాడికోసం దారప్పోగు కూడా సిద్ధం చేయకూడదని మా వైపు ఇళ్ళలో గట్టి పట్టింపు. ముందే సర్దిపెడితే, ఇక్కడ ఒక బిడ్డ రాబోతున్నాడని చెడ్డకళ్ళకు కబురు పెట్టినట్టే అనేవాళ్ళు. మా అత్త కఠినురాలు కాదు. ఆ మూడో రోజు తర్వాత ఆమె నెలరోజులు సరిగా అన్నం తినలేదు. అందుకే ఆమె భయాన్ని నేను ఎదిరించలేకపోయాను. సగం భయం నాకూ ఉండేది.

రెండోసారి నేను కడుపుతో ఉన్నది, మద్రాసు నుంచి మన రాష్ట్రం వేరుపడిన నాలుగో ఏడు. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఈసారి ఇంట్లో వద్దంది. నొప్పులు మొదలైన వెంటనే బస్సెక్కి రమ్మంది. బిడ్డను తుడవడానికి, చుట్టడానికి శుభ్రమైన మెత్తని గుడ్డలు ముందే సంచిలో సర్దిపెట్టుకోవాలని, చలి తగలనివ్వకూడదని రెండుసార్లు చెప్పింది. మొదటి బిడ్డకు చలే తగిలిందేమోనని నాకు అప్పుడు తట్టింది. ఇంటికొచ్చి చెబితే మా అత్త ఆసుపత్రికి సరేనంది. సంచి దగ్గర మాత్రం ఆగిపోయింది. “పోయేటప్పుడు పోదాం. ఈ ఇంట్లో మాత్రం సంచి కట్టగూడదు” అంది. కట్టకపోతే బిడ్డకు చలి, కడితే బిడ్డకు దిష్టి. ఎటు తిరిగినా పోయేది నా బిడ్డే.

గోడ దగ్గర నిలబడి హుసేనమ్మకు చెప్పుకొని ఏడ్చాను. ఆమె పరుపు కుడుతూనే అంతా విన్నది. దారం పళ్ళతో తెంపి, “నీ అత్త ఏమనింది? ఈ ఇంట్లో కట్టగూడదు అనింది. మా ఇంట్లో కట్టగూడదు అన్లేదు గదా” అంది.

అంతే. ఆ సాయంత్రానికే పరుపులకు వాడే చారలగుడ్డతో ఒక సంచి కుట్టింది. గుడ్డలన్నీ ఆమె ఇంటి పొయ్యి మీదే ఉడికాయి, ఆమె పెరట్లోనే ఎండాయి. దండెం నిండా పసిబిడ్డ గుడ్డలు చూసి వీధిలో ఒకామె కాన్పు ఎవరికని ఆరా తీసింది. “నాకే” అంది హుసేనమ్మ. ఆమెకు అప్పటికి యాభై దాటాయి. ఈ వయసులోనా అని ఆ వీధామె నోరు తెరిస్తే, “అల్లా ఇస్తే వద్దంటానా” అని గుడ్డ దులిపింది. నేను గోడకింద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సంచి సర్దడం కూడా ఆమె ఒక పనిగా నేర్పింది. మొదట అడుగున పెట్టింది నాకోసమూ కాదు, బిడ్డకోసమూ కాదు. పక్కన ఉండే మనిషికి రెండు రోజులు సరిపడా ఎండురొట్టెలు, శనగపప్పు పొడి, ఒక చెంబు. “తోడున్నది ఆకలితో కండ్లు తిరిగి పడితే బిడ్డను ఎవురు ఎత్తుకుంటారు?” అనేది. దానిమీద నా చీర, ఆముదం సీసా. అన్నిటికన్నా పైన బిడ్డ గుడ్డలు. “సంచి అంటే మూట గాదు. చూడకుండా చెయ్యి పెట్టినా, కావల్సిందే చేతికి రావల్ల” అని నన్ను కళ్ళు మూసుకోమని, ఒక్కొక్కటి పేరు చెప్పి తీయించేది. మొదటిరోజు గుడ్డ అడిగితే రొట్టె తీశాను. బిడ్డకు అప్పుడే పండ్లు వచ్చినాయా అని నవ్వింది. నాలుగో రోజుకు తప్పు లేకుండా తీశాను. సంచిని వాళ్ళింటి దూలానికి వేలాడదీసింది.

వింత ఏమిటంటే, మేము పెట్టనివి కూడా ఆ సంచిలో చేరేవి. ఒకరోజు శొంఠికొమ్ము, ఇంకోరోజు వాము పొట్లం. ఎవరు పెట్టారంటే, ఎలుకలు తెచ్చి ఉంటాయనేది హుసేనమ్మ. ఆమే పెట్టి ఆట పట్టిస్తోందనుకున్నాను.

నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. మా ఆయన చేనికాడ ఉన్నాడు. నంద్యాల బస్సు అప్పుడే వచ్చి ఆగింది. హుసేనమ్మ ఒక పరుగున ఇంట్లోకి పోయి, చారల సంచి భుజానికి తగిలించుకొచ్చి, నన్ను నడిపించి బస్సెక్కించింది. చేనికి కబురు పంపి, బర్రెకు మేత వేసి, ఇల్లు తాళం పెట్టి వెనక బస్సుకు వస్తానంది మా అత్త. దారి పొడుగునా, బస్సు గతుక్కుమన్నప్పుడల్లా డ్రైవరును మామా అని పిలిచి, తన పరుపు మీద పడుకున్నట్టు పోనిమ్మనేది హుసేనమ్మ. నొప్పుల్లోనూ నాకు ధైర్యంగానే ఉంది. ఈసారి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఆసుపత్రిలో నన్ను లోపల పడుకోబెట్టి, నర్సు బిడ్డ గుడ్డలు తెమ్మంది. హుసేనమ్మ దర్జాగా, చూడకుండానే సంచిలో చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకా పోయింది. బయటికి వచ్చింది దూది. ఇంకోసారి పెట్టింది, మళ్ళీ దూదే. అదే చారలగుడ్డతో ఆమె భర్త కుట్టుకున్న ఇంకో సంచి ఉండేది. పెళ్ళివారి పరుపు కోసం ఏకిన దూదిని అందులో పెట్టి, అదే దూలానికి వేలాడదీశాడు. హుసేనమ్మ తొందరలో దాన్ని దించుకొచ్చింది. నర్సు కోప్పడింది. హుసేనమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమెను అలా చూడటం నాకు అదే మొదలు. మొదటి కాన్పు నాటి చలి నా వీపు మీద పాకింది. ఇన్నాళ్ళ జాగ్రత్త అంతా ఊళ్ళో దూలానికి వేలాడుతూ ఉంది, బిడ్డ ఇక్కడ పుట్టబోతోంది.

పొద్దు వాలుతుండగా మా అత్త వచ్చింది. చీర ఎగదోపుకొని, చెమటలు కారుతూ, చంకలో చారల సంచితో వచ్చింది. ఊరంతా చూస్తుండగా, ఇంకా పుట్టని బిడ్డ సంచిని మోసుకొని బస్సెక్కింది. “ఏమ్మే హుసేనమ్మా, కండ్లు మూసుకొని తీయమని పిల్లకు నేర్పితివి. నువ్వు కండ్లు తెరుచుకొని తప్పు సంచి తెస్తివే” అంది.

“అసలు సంచి యాడుందో నీకెట్ల తెలిసె వదినా?” నేను అనబోయిన మాటనే అంది హుసేనమ్మ. కానీ ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. నా వైపు వంగి, “ఎలుక వచ్చింది” అంది. నాకు నొప్పి, నవ్వు కలిసే వచ్చాయి.

దీపాలు పెట్టేవేళకు ఆడబిడ్డ పుట్టింది. నర్సు గుడ్డ అడిగేసరికి, మా అత్త సంచిలోకి చూడకుండానే పై గుడ్డ తీసి అందించింది.

ఆ తర్వాత నాకు ఇంకా నలుగురు పుట్టారు. వీధిలో ఎందరో కోడళ్ళకు, కూతుళ్ళకు నేను సంచి సర్దాను. ఎవరింట్లో పట్టింపు ఉంటే, వాళ్ళ సంచి మా ఇంట్లో ఉండేది. పట్టింపు ఉన్నవాళ్ళను నేనెప్పుడూ ఎగతాళి చేయలేదు. వాళ్ళ భయానికి ఒక దారి చూపించాలే గానీ, దాంతో పోట్లాడకూడదని హుసేనమ్మను చూసే తెలుసుకున్నాను. తోడున్న మనిషి ఆకలి గురించి ముందు ఆలోచించడమూ ఆమె నుంచే వచ్చింది. నన్ను పిసినారి అనేవాళ్ళు అనుకోనీ. దాచడం నాకు నేర్పిన మనిషి, ఇవ్వడానికే దాచేది.

అదంతా తర్వాతి సంగతి. మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి, బిడ్డ బాగుందని చెప్పి పోయింది. వరండాలో ఎండ పడేచోట హుసేనమ్మ ఆ దూది సంచిని కుమ్మరించింది. మా అత్త ఆమె పక్కన చతికిలబడి, ఆమె భుజం మీది సూదిని తానే తీసుకుంది. దారం తడిపి రెండుసార్లు గురి తప్పి, మూడోసారి ఎక్కించింది. ఖాళీ సంచి విప్పి, దూది పరిచి, మూరెడు పరుపుగా ఒక పక్క మా అత్త, ఒక పక్క హుసేనమ్మ కుట్టారు. ఎవరి కుట్లు పెద్దవో వాదించుకుంటూనే కుట్టారు. పెళ్ళివారి పరుపు ఒక మూల పలచబడే ఉంటుంది. ఎండ వరండా దాటకముందే పని అయిపోయింది. నా పక్కన పరుపు వేసి, బిడ్డను దాని మీద పడుకోబెట్టారు. బిడ్డ ఒకసారి చేతులు చాచి, నిద్రపోయింది.