స్పాంజిని చూసి కుర్చీ ఎక్కిన ఫైర్‌మన్

మామగారికి భయం. అంతా ఇంతా కాదు. తడి స్పాంజిని చూస్తే కెవ్వుమంటారు. దూది చూస్తే వణుకుతారు. పిండి పళ్ళెం పక్కన పెడితే కుర్చీ ఎక్కి కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళు ఫైరింజన్‌లో తిరిగి, మండే మేడల్లోంచి మనుషుల్ని భుజాన వేసుకొచ్చిన మనిషి! నలుగురిలో కోడలికి తల కొట్టేసినట్టుండేది.

ఈ భయాలన్నీ ఉదయం తాతా మనవరాలూ కథ ఆడుకునే వేళకే బయటపడేవి. కథలో ఒక ఏనుగుపిల్ల తప్పిపోయింది. దాన్ని ఇల్లు చేర్చే పూచీ తాతది, ‘పిచ్చుక’ అని పిలుచుకునే నాలుగేళ్ళ మనవరాలిది. డైనింగ్ టేబుల్ కింద గుహ, పాకాలి. దిండ్లు ఏట్లో రాళ్ళు, గెంతాలి. సోఫాలో ఎలుగుబంటి నిద్రపోతుంటుంది, మునివేళ్ళ మీద దాటాలి. ఆదివారాల్లో ఎలుగుబంటి వేషం కొడుకుది. దానికి అతను నటించనక్కర్లేదు.

ఇంతవరకూ తాత వీరుడే. ట్రేలో తడి స్పాంజిలు పరిచిన బురదనేల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు చల్లబడేవి.

"నా వల్ల కాదే పిచ్చుకా. ఇది నన్ను మింగేస్తుంది."

"మింగదు తాతా."

"నీకెలా తెలుసు? ముట్టుకున్నావా?"

పిచ్చుక ఆలోచనలో పడేది. ముట్టుకోలేదు మరి. ఆ పిల్ల పాదానికి నున్నటి గచ్చు తప్ప మరేదీ తగలకూడదు. గడ్డి మీద దించితే కాళ్ళు పైకి ముడుచుకునేది. వేలికి పిండి అంటితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. చేర్చాలనుకున్న బడి ఆవరణంతా ఇసుక. చూడ్డానికి తీసుకెళ్ళిన రోజు అమ్మ చంక దిగలేదు. "నెల చూద్దామండీ. అప్పటికీ దిగకపోతే వచ్చే ఏడే" అంది టీచరు. ఆసుపత్రి ల్యాబులో కోడలి ఉద్యోగం కూడా ఆ నెల వరకే ఆమె కోసం ఆగుతుంది.

ఒకరోజు పాత డిపార్ట్‌మెంటు మిత్రుడొకాయన వచ్చేసరికి మామగారు కుర్చీ మీద నిలబడి కేకలు పెడుతున్నారు.

"ఏంట్రా ఇది? నాలుగో అంతస్తు మంటల్లోకి దూకినవాడివి!"

"మంట వేరు, స్పాంజి వేరు. నీకు తెలీదు, ఊరుకో."

ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వి వెళ్ళాడు. కోడలు ఇక ఉండబట్టలేక అడిగేసింది. "పిల్లే భయపడుతుంటే మీరు ఇంకాస్త భయపెడితే ఎలాగండీ, మామయ్యగారూ?"

"ఏం చెయ్యనమ్మాయ్, భయం ఆగట్లేదు" అన్నారాయన దీనంగా.

మరో వారానికి, పిల్ల నిద్రపోతున్న ఓ మధ్యాహ్నం, బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మామగారు టబ్బు ముందు కూర్చుని, మోచేతుల దాకా చేతులు ఇసుకలో పెట్టి రాళ్ళు ఏరుతున్నారు. మధ్యమధ్య చిటికెడు తీసి, గీసుకుంటుందేమోనని సొంత చెంపకి రుద్ది చూసుకుంటున్నారు.

"మామయ్యగారూ, భయం లేదా?"

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డారు. "ష్! మెల్లగా. దానికి ధైర్యం చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నామమ్మాయ్. అది ధైర్యం చెప్పడానికి ఒక్కడైనా ఉండొద్దూ?"

కోడలికి ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి సిగ్గుపడినందుకు ఇప్పుడు సిగ్గేసింది. మర్నాడు కథలో టబ్బు దగ్గర తనూ కెవ్వుమంది. మామగారంత బాగా రాలేదు కానీ, పరవాలేదు. పాపం పిచ్చుక ఇద్దరు పిరికివాళ్ళని ఈడ్చుకెళ్ళాల్సి వచ్చింది.

నెల నిండిన రోజు ముగ్గురూ బడికి వెళ్ళారు. పిచ్చుక ఇసుక అంచున చాలాసేపు నిలబడింది. వెనక నుంచి మామగారు "అమ్మో, ఇంత ఇసుకే!" అని గోలపెట్టడంతో టీచరు కంగారుపడి కుర్చీ తెప్పించబోయింది. పిచ్చుక చెప్పులు విప్పింది. ఒక కాలు పెట్టింది. వేళ్ళు ముడుచుకుంది, మళ్ళీ విప్పింది. రెండో కాలూ పెట్టి, నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చి, అమ్మ మెడ వంచి చెవిలో చెప్పింది.

"అమ్మా, తాతకి భయమేం లేదు. నాకెప్పుడో తెలుసు."

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే ఆడడుగా. తాతకి ఈ ఆటంటే చాలా ఇష్టం, పాపం."

అనేసి, తాతవైపు తిరిగి చెయ్యి చాచింది. "ఏం కాదు తాతా, నేనున్నాగా, రా!"

మామగారు గజగజ వణుకుతూ ఇసుకలోకి దిగారు.