టూత్‌పేస్టు అమ్మవారు

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున, నాచారంలో మా వీధి వీధంతా బయటికొచ్చి నిలబడేలా చేశాను. నిప్పు పెట్టలేదు, సిలిండర్ పేల్చలేదు. నేను చేసిందల్లా తల ఊపడం. అదీ ఒక్కసారే. ఆ ఊపుకి ఏడో నెల గర్భిణి ఒకావిడ ఏడుస్తూ బట్టలు సర్దుకుంది, మా క్లాసు గ్రూపు ఫోటో ఆగిపోయింది, మా నాన్న తాలింపు లేని పప్పు తిన్నాడు. ఆయన ఇప్పటికీ క్షమించనిది ఆ పప్పు సంగతే.

అప్పుడు నేను పదో తరగతి. పేరు ప్రవల్లిక, ఇంట్లో పింకీ. ఆ ఏడాది నా మొహం మీద మొటిమలు వచ్చాయి. ఒకటో రెండో అనుకునేరు. సాయంత్రం ఆరింటికి ఉప్పల్ చౌరస్తాలో బండ్లు ఎలా ఉంటాయో అలా, ఒకదాన్నొకటి ఆనుకుని, ఏదీ కదలకుండా.

మొటిమలు నావే గానీ, వాటి మీద మాట్లాడే హక్కు అందరిదీను. అమ్మ శనగపిండిలో పసుపు కలిపి పట్టు వేసేది. నాన్న మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూ "ఒంట్లో వేడి చేసిందే, మజ్జిగ తాగు" అనేవాడు. తెనాలి నుంచి మేనత్త వీడియో కాల్ చేసినప్పుడల్లా ఒకటే పలకరింపు.

"ఏమిటే, మీ కెమెరా మీద ఏదో మరకలు పడ్డాయి. కాస్త తుడువు."

"కెమెరా బాగానే ఉంది అత్తయ్యా."

"అయ్యో, అది నీ మొహమా! పోనీలే, పెళ్ళికి ఇంకా టైముందిగా."

నాకప్పుడు పదిహేనేళ్ళు. పెళ్ళికి టైముండడం నాకెంత ఊరటో మీరే ఊహించుకోండి.

స్కూల్లో మగపిల్లలు నాకు 'రవ్వ దోశ' అని పేరు పెట్టారు. పెట్టిన రోజు అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వకపోతే ఫీలయిందంటారు, అంటే ఇంకా గట్టిగా పిలుస్తారు. ఆ మర్నాటి నుంచి మాస్కు పెట్టుకున్నాను. కరోనా పోయింది, టీచర్లు తీసేశారు, ప్రిన్సిపాల్ గారు తీసేశారు, నేను మాత్రం తీయలేదు. అన్నం తినాలంటే మాస్కు తీయాలి కాబట్టి అన్నమే మానేశాను. అమ్మ కట్టిన బాక్సు ఇంటికొచ్చే దారిలో ఒక గోధుమరంగు కుక్కకి పెట్టేదాన్ని. మూడు నెలల్లో నేను మూడు కిలోలు తగ్గాను, అది నడవలేక కూర్చుంది.

ఈ సంగతి కనిపెట్టింది ఒక్క లతక్కే. మేముండేది పై వాటా. కింద ఇంటి ఓనరు యాదమ్మ పెద్దమ్మ వాళ్ళు. నాచారం అంతా పొలాలుగా ఉన్నప్పుడు ఇక్కడ వరి పండించిన కుటుంబం. లతక్క ఆవిడ కోడలు, కీసర పిల్ల. సాయంత్రాలు పైకొచ్చి నాకు జడ వేసేది.

"మాస్క్ తీయి పింకీ. నా దగ్గర ఏంది సిగ్గు? నీ మొకం మంచిగనే ఉంది," అనేది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టి పడుకుంటే లోపల బిడ్డ కదిలేది. ఆ అరగంటే నేను మాస్కు లేకుండా నిశ్చింతగా ఉండేది.

సోమవారం క్లాసు గ్రూపు ఫోటో అన్నారు. శుక్రవారం నా బెంచీ ఫ్రెండు శిరీష రహస్యం చెప్పింది.

"మొటిమల మీద టూత్‌పేస్ట్ పెట్టవే. మా అక్క గట్లనే జేసింది. మస్తు పనిచేస్తది."

"ఎంతసేపు?"

ఆ ప్రశ్నకి శిరీష జవాబు చెప్పిందట. అప్పుడే బెల్లు మోగింది. నాకు వినపడలేదు.

శనివారం మధ్యాహ్నం అమ్మ ఉప్పల్ మార్కెట్‌కి వెళ్ళింది. నేను గిన్నెలో పేస్టు పిండి, పని తొందరగా అవుతుందని అందులో నిమ్మకాయ పిండాను, ఇంకా తొందరగా అవుతుందని ఉప్పు వేశాను. అగ్గిపుల్లతో ఒక్కో మొటిమ మీదా ఒక్కో చుక్క, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా పెట్టి, ఫ్యాను కింద పడుకున్నాను. చల్లగా ఉంది. నిద్ర పట్టేసింది. మూడు గంటలు!

లేచి కడుక్కుని అద్దంలో చూసుకుంటే, ప్రతి చుక్క కిందా గుండ్రంగా, ఎర్రగా, నడుమ నీటి పొక్కుతో ఒక బొబ్బ. మొటిమ లేని చోటే లేదనుకున్నాను గానీ, ఇప్పుడు మొటిమే లేదు. అంతా బొబ్బలే.

అప్పుడే అమ్మ కూరల సంచితో లోపలికొచ్చింది. సంచి జారిపోయింది. టమాటాలు మంచం కిందికి దొర్లాయి.

"ఓరి దేవుడా! అమ్మవారు పోసిందా?"

ఇదిగో, సరిగ్గా ఇక్కడే నేను తల ఊపాను. నిజం చెబితే తిట్లు, పైగా ఆ మొహంతోనే సోమవారం ఫోటో. అమ్మవారైతే పది రోజులు సెలవు. ఏ తెలివైన పిల్ల ఊపదు చెప్పండి?

అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒళ్ళు కాలడం లేదేమే?"

"జ్వరం లోపల ఉందమ్మా."

లోపల జ్వరం! నమ్మింది పాపం. నన్ను చివరి గదిలో తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టింది. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో నూనె కాగకూడదంది. సాయంత్రం నాన్న కంచం ముందు కూర్చుని పప్పు కేసి చూశాడు.

"తాలింపేది?"

"అమ్మవారు పోస్తే తాలింపు వెయ్యకూడదు."

"ఎన్నాళ్ళు?"

"పది రోజులు."

నాన్న నా గది వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఎవరి మీదో తెలియలేదు.

అమ్మ ఆ తరవాత క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెట్టింది. నిమిషంలో మొదలు. 'మా వాడు ఆ పాప వెనక బెంచీ, సోమవారం పంపించం.' 'మా పాపకి ఇప్పుడే ఒళ్ళు దురదగా ఉందంటోంది.' ఇంకో ఇరవై ఉన్నాయి అలాంటివి. చివరికి టీచర్ గారు: 'గ్రూపు ఫోటో వాయిదా.' దుప్పటి కింద నేను గెలిచాననుకున్నాను. శిరీష ఫోన్ చేసింది.

"ఏందే, అమ్మోరు వచ్చిందంట? మరి పేస్ట్ పెట్టినవా లేదా?"

"ష్! పెట్టాను. మూడు గంటలు."

"నేను పది నిమిషాలు అన్న గదనే!"

ఆదివారం పొద్దున కబురు కింది వాటాకి చేరింది. యాదమ్మ పెద్దమ్మ వేపమండలతో పైకొచ్చింది. గుమ్మానికి గుచ్చింది, నా పక్కన పరిచింది, మెత్తగా మాట్లాడింది.

"తల్లి ఆడుకోనీకి వచ్చింది బిడ్డా, ఆడుకొని పోతది. గోకకు. ఫికర్ జెయ్యకు."

అంతలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "లత నిన్న పొద్దుగాల గూడ ఈడనే ఉండె గదా?" అని అమ్మని అడిగింది. ఇద్దరి మొహాలూ ఒకేసారి పాలిపోయాయి.

నాకు అర్థం కాలేదు. వాళ్ళు కిందికి దిగాక కిటికీ లోంచి మాటలు వినపడ్డాయి. లతక్క కీసరకి ఫోన్ చేసి కనుక్కుంటోంది. "అమ్మా, చిన్నప్పుడు నాకు అమ్మోరు వచ్చిందా? రాలేదా? సక్కగ యాద్ చేస్కో!" రాలేదట. ఉప్పల్‌లో ఆమెని చూసే డాక్టరమ్మ, వెంటనే రమ్మంది. కడుపుతో ఉన్నప్పుడు ఇది తగిలితే బిడ్డకీ తల్లికీ మంచిది కాదంది. అక్కడ చూపించుకుని అటు నుంచి అటే కీసర వెళ్ళిపోవాలని తేల్చారు. శుక్రవారం జరగాల్సిన శ్రీమంతం ఆగిపోయింది.

"జల్ది పోదాం. ఇయాల స్టేడియంల మ్యాచ్ ఉన్నది, పన్నెండు దాటితే బండి కదలదు," అంటోంది యాదమ్మ పెద్దమ్మ. ఆటో వచ్చింది. లతక్క రెండు సంచులతో, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికొచ్చి, తల ఎత్తి నా కిటికీ వైపు చూసింది. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పింకీ, నువ్వు భయపడకు. మంచిగైతవు," అంది. తరవాత నెమ్మదిగా, తనను తానే అడుగుతున్నట్టు, "నా ఒళ్ళనే పండుకున్నవు గదా... నా బిడ్డకు ఏం గాదు గదా?"

రవ్వ దోశ అని పిలిపించుకున్న ఏ రోజూ నాకంత సిగ్గు వెయ్యలేదు. దుప్పటి తన్నేసి, అమ్మవారు పోసిన వాళ్ళెవరూ పరిగెత్తనంత వేగంగా బాల్కనీలోకి పరిగెత్తాను.

"అక్కా! ఆగు! ఇది అమ్మవారు కాదు! టూత్‌పేస్టు!"

వీధి మొత్తం ఆగింది. ఇస్త్రీ బండి మల్లేశన్న పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు.

"ఏమంటున్నది పిల్ల?" అంది యాదమ్మ పెద్దమ్మ.

"టూత్‌పేస్ట్ అంటున్నదమ్మా," అన్నాడు మల్లేశన్న, గౌరవంగా.

"నిమ్మకాయ కూడా!" నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. "ఉప్పు కూడా! అమ్మవారు రాలేదు, నేనే రాసుకున్నాను!"

లతక్క ఆటోలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతుంటే యాదమ్మ పెద్దమ్మ "మెల్లగ, మెల్లగ!" అని అరిచింది. అమ్మ నవ్వలేదు. నా రెక్క పట్టుకుని అదే ఆటోలో ఎక్కించింది.

డాక్టరమ్మ ముందు లతక్కని చూసింది, తరవాత నన్ను.

"ఏం రాశావు?"

"పేస్టు. నిమ్మరసం. ఉప్పు."

"కారం మర్చిపోయావా?"

మందు రాసి, అమ్మ వైపు తిరిగింది. "ఈ అమ్మాయి ఎందుకు రాసుకుందంటారు?"

"తెలీదండీ. మేమెప్పుడూ దాన్ని ఒక్క మాట అనలేదు," అంది అమ్మ.

అమ్మ అబద్ధం ఆడలేదు. నిజంగానే అలా అనుకుంది. అప్పుడు నేను మెల్లగా చెప్పాను. శనగపిండి, మజ్జిగ, కెమెరా మీద మరకలు, రవ్వ దోశ, మాస్కు, కుక్క తిన్న బాక్సులు. మధ్యలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి నా మొహం కాకుండా నా మణికట్టు ఎంత సన్నగా ఉందో చూసింది.

"మొటిమలు ఈ వయసులో వస్తాయి, వాటి టైముకి అవి పోతాయి," అంది డాక్టరమ్మ. "ఈ పిల్ల మొహాన్ని ఇంట్లో రోజూ ఎవరూ పరీక్ష చెయ్యకండి. అన్నం తిననివ్వండి."

ఆ రోజు నాన్న తాలింపు వేసిన పప్పు రెండుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, తెనాలికి ఫోన్ చేశాడు. "అక్కా, ఇకనుంచి పింకీని చదువెలా ఉందని అడుగు, మొహమెలా ఉందని అడక్కు," అన్నాడు. వాళ్ళక్కకి ఎదురు చెప్పడం ఆయన జీవితంలో అదే మొదలు. కాస్త అతి కూడా జరిగింది. ఒక వారం పాటు మా ఇంట్లో ఎవరూ నా మొహం చూడకుండా, ఫ్యానుతోనూ ఫ్రిజ్జుతోనూ మాట్లాడుతున్నట్టు నాతో మాట్లాడారు.

అన్నీ సర్దుకున్నాయనుకున్నాక, ఆషాఢంలో యాదమ్మ పెద్దమ్మ పసుపు రాసిన కుండ పట్టుకుని పైకొచ్చింది. పదో తరగతి పాసయినందుకు ఏదో తెచ్చిందనుకున్నాను.

"పో బిడ్డా, తానం జేసి రా. బోనం ఎత్తాలె."

"నేనా? ఎందుకు పెద్దమ్మా?"

"ఆ దినం నీ పక్కన వేపాకు పరుసుకుంట, పిల్లకు బొబ్బలు తక్కువైతే బోనం ఎత్తిపిస్త తల్లీ అని మొక్కిన. తక్కువైతే అయింది గదా?"

"నాకు అమ్మవారు రానే లేదు గదా!"

"గది నువ్వు తల్లికే చెప్పుకో."

చెప్పుకోవడానికి వెళ్ళాను. నెత్తిన బోనం, ముందు డప్పులు, పక్కన చంకలో రెండు నెలల కొడుకుతో లతక్క. మాస్కు లేదు. ఇస్త్రీ బండి దగ్గర మల్లేశన్న దండం పెడుతూ పక్కవాడికి చెబుతున్నాడు: "గా పిల్లనే. టూత్‌పేస్ట్ తక్కువైనందుకు."

కాబట్టి, నాచారంలో అమ్మవారి ముందు నిలబడి, నెత్తి మీద బరువుతో, డప్పుల సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది: ఈ జన్మలో పేస్టు పళ్ళకీ, నిమ్మకాయ పులిహోరకీ తప్ప వాడను. ఎవరేం అడిగినా, నోటితో నిజం చెప్పేదాకా తల అటూ ఇటూ కదపను. ఆ మాట అనగానే నెత్తి మీద బోనం ఊగింది. లతక్క గట్టిగా అరిచింది: "తల ఊపకే పింకీ!"