సిరిసిల్ల మరదలికి నా సిఫారసు

ముందే చెప్తున్న, నేను బల్లిని మొసలిని చేసి చెప్పే మనిషిని. నా చిన్నప్పటి ఈ ముచ్చటను కూడా కొంచెం దులుపుకొని చదవండి.

తెలంగాణ కావాలని బడులన్నీ బందైన ఏడు అది. కోరుట్లలో మా తాత, రిటైరైన సైన్సు సారు, ఒక విజ్ఞాన సభ నడిపేటోడు. ఆదివారం వస్తే పెద్దమనుషులు నలుగురు మా అరుగు మీద కూడి, చీమల గురించి, చుక్కల గురించి భూమి అదిరేటట్టు వాదించుకునేటోళ్లు. వాళ్లకు అన్నం పళ్లెమంత భూతద్దం ఉండె. సభ్యులు తప్ప దాన్ని ఎవరూ ముట్టొద్దు. పిల్లల్లో సభ్యుణ్ని నేనొక్కణ్నే. అందుకే వాడకట్టులో నాది కలెక్టరు నడక.

ఆ రాజ్యంలోకి సిరిసిల్ల నుంచి మా మేనత్త బిడ్డ దిగింది. బస్సులు బందై మా ఇంట్లనే ఉండిపోయింది. ఇంక తాత నోట ఆమె ముచ్చటే. ఆమె చీమ వెంట పోతే పరిశోధన, నేను పోతే అల్లరి. నా కడుపుమంట మీద మా నాయినమ్మ ఊరందరికీ వంట చేయొచ్చు.

ఆమె కూడా సభలో చేరుతనన్నది. దానికొక పద్ధతి ఉండె. సభ్యుడొకరు లేచి సిఫారసు చేయాలె. మంచిది, తెలివైనది అంటే చెల్లదు. తనకు తెల్వనిది, కొత్తగ వచ్చేటోళ్లకు తెలిసినది ఒకటి చెప్పాలె. తాత పెద్దలందరినీ విడిచిపెట్టి నా దిక్కు చూసిండు.

"నువ్వే చెప్పాలెరా. బడి తాళం కాడ బిడ్డ పక్కన ఉన్నది నువ్వే కదా."

నిజమే, ఉన్న. మూసిన బడి తాళంలో, చెవి పెట్టే బెజ్జంల, కందిరీగ ఒకటి మట్టితో గూడు కట్టుకుంది. పచ్చపురుగులను తెచ్చి లోపల కుక్కుతుంటే, చచ్చిన పురుగులే అని నేను తేల్చేసిన.

"సావలే బావా, జర ఆగి చూడు," అన్నదామె.

ఒకటి జారి కిందపడితే పొద్దుగూకేదాకా దాని ముందే కూర్చున్నది. నేను మధ్యల ఇంటికి పోయి, తిని, కునుకు తీసి వచ్చిన. పురుగు పారిపోలేదు, కానీ సన్నగ కదులుతనే ఉంది. పిల్లలకు తాజా బువ్వ కావాలని కందిరీగ దాన్ని చంపకుండా, కుట్టి చచ్చుబడేటట్టు చేసింది.

ఇప్పుడు సభలో నేను నోరు మూసుకుంటే చాలు, ఆమె బయటనే. ఆమె నన్ను బతిమాలలేదు. జడ కొస తిప్పుకుంటూ నిలబడ్డది. దానికి ఇంకింత మండింది నాకు.

"బోల్ బేటా! గడియారానికి తిప్పినట్టు నీ నాలుకకు చావి తిప్పాల్నా?" అన్నడు సభ్యుల్లో ఒకడు, గడియారాలు బాగుచేసే సాయిబు మామ.

లేచిన. ఆ పురుగు బతికే ఉందని నాకు తెల్వలేదు, ఆమె కనిపెట్టింది అన్న. అనంగనే నా అసూయ ఉప్పులెక్క కరిగి గోదావరిలో కలిసింది. భూతద్దం ఆమె చేతికి పోయింది.

తర్వాత నేను చాలామందిని చాలా చోట్లకు సిఫారసు చేసిన. వీళ్లకు తెలిసి నాకు తెల్వనిది ఏంది అని నన్ను నేను అడగకుండా ఒక్క సంతకం పెట్టలేదు.

ఇంక నేను కల్పించింది చెప్త. కందిరీగ నిజం, సాయిబు మామ నిజం. అసూయ కరిగిపోయిందన్నదే పచ్చి అబద్ధం. ఆమె ఆ అద్దం పట్టుకుంటుంటే నాకు ఏడుపు వచ్చింది. తాత నన్ను ఓర్చుకొమ్మని అడగలేదు, ఉన్నది చెప్పమన్నడు. ఓర్వలేకపోతూనే ఉన్నది చెప్పొచ్చని ఆ అరుగు మీద తెలిసింది. ఇప్పటికీ గట్లనే చెప్తున్న, పండ్లు నూరుకుంటనే.