సర్దారు మాట నా నోట

లంబాసా ఏటి పక్కన చెరకు తోటలో సముద్రం దాటి వచ్చి నేనూ నా భర్తా గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద, పనిచేస్తున్న రోజుల్లో, ఒకనాడు నా చేతిలోంచి పార తీసేసుకుని మాట్లాడే పని ఇచ్చారు. నాకు హిందుస్తానీ రావడమే కారణం. చిన్నప్పుడు విజయనగరం కంటోన్మెంటులో మా అమ్మ సిపాయిల ఇళ్ళకు పాలు పోసేది. ఆమె వెంట తిరిగి ఆ భాష నేర్చుకున్నాను. మా ఆడవాళ్ళ జట్టులో చాలామంది మద్రాసు ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళు. మా చేత పని చేయించే సర్దారు ఉత్తరాది మనిషి. అతను చెప్పేది వాళ్ళకు అర్థమయ్యేది కాదు, వాళ్ళు చెప్పేది అతనికి తెలిసేది కాదు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

మొదట్లో సంతోషించాను. అరచేతుల్లో బొబ్బలు మానాయి. నడుము నొప్పి తగ్గింది. నా భర్తయితే మరీ మురిసిపోయాడు.

"నోటితో పని. ఎండలో ఒంగక్కర్నేదు. నీయంత అదృష్టం ఎవులికుంది?" అనేవాడు.

సర్దారు తిట్టనిదే మాట్లాడలేడు. అమ్మనీ అక్కనీ కలిపి తిట్టేవాడు. నేను మాత్రం "కాస్త తొరగా కానీండమ్మా" అని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు అతనికి అనుమానం వచ్చింది. తిట్టు తిన్నవాళ్ళ మొహాలు అలా ఉండవు కదా! మగవాళ్ళ జట్టులో ఎవరినో అడిగి తెలుగు బూతులు నేర్చుకుని వచ్చాడు. ఇక నుంచి ఆ మాటలు నా నోట వినపడి తీరాలన్నాడు. వినపడకపోతే కొరడా నా మీద లేచేది.

అలా అతని తిట్లన్నీ నా గొంతుతో వెళ్ళడం మొదలైంది. సాయంత్రం మేముండే కూలి గదుల లైన్లలో నీళ్ళకోసం వెళితే, అక్కడి కబుర్లు ఆగిపోయేవి. నా బిందె నిండేదాకా ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఒకసారి ఉండబట్టలేక, అవి నా మాటలు కావు, అతనివేనని చెప్పబోయాను. మాలో పెద్దావిడ బిందె ఎత్తుకుంటూ అంది:

"ఆడు తిడితే మాకర్దం కాదమ్మా. నువ్వు తిడితేనే అర్దమవతాది."

ఆ తర్వాత నాకు అన్నం సహించేది కాదు. పారతో చేసే పనికి ఒళ్ళు అలిసిపోతుంది, పడుకుంటే తీరుతుంది. ఈ పనికి అలుపు ఎక్కడ వస్తోందో తెలిసేది కాదు, అందుకే ఎలా తీర్చుకోవాలో కూడా తెలిసేది కాదు.

లైన్లలో మా గదికి ఆనుకుని ఒక బొబ్బిలి పిల్ల ఉండేది. తొలిచూలు, నిండు నెలలు. ఇద్దరి గదుల మధ్య చెక్కగోడ పైకప్పు దాకా ఉండదు కాబట్టి ఆమె మూలుగులన్నీ నాకు వినపడేవి. నన్ను అప్పా అని పిలిచేది. ఊళ్ళో సొంత అక్క ఉండేదట.

వానలు వెలిసి ఉక్కపోస్తున్న ఒక రోజు, కలుపు తీస్తూ తీస్తూ ఆమె పార ఊతంగా పట్టుకుని నిలబడిపోయింది.

"అప్పా, నడుం లాగేస్తంది. నొప్పులేమో. ఇంటికెల్తానని సెప్పవా?"

నేను సర్దారుకు చెప్పాను. అతను తల కూడా తిప్పలేదు.

"వరస పూర్తిచేసి పొమ్మను. నాటకాలాడితే కోర్టుకెక్కిస్తానని చెప్పు," అన్నాడు. చివర ఒక బూతు కూడా అన్నాడు. దాన్ని ఇక్కడ రాయను.

ఆ పిల్ల అతని వైపు చూడడం లేదు. నా నోటి వైపే చూస్తోంది.

"ఎల్లమంటన్నాడు," అన్నాను.

"నిజంగానా అప్పా?"

"నిజంగానే. పార ఇక్కడెట్టేసి ఎల్లు. దారిలో ఎక్కడా కూకోకు."

ఆమె నడుము పట్టుకుని చెరకు మధ్య దారిలో వెళ్ళిపోయింది. సంగతేమిటో సర్దారుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఎక్కడికి పోతోంది అది?"

"ఇంటికి."

"నేను చెప్పమన్నదేమిటి?"

"అది నేను చెప్పలేదు."

కొరడా నా భుజం మీద పడింది. నేను వంగి, ఆ పిల్ల వదిలేసిన పార తీసుకుని ఆమె వరసలోకి దిగాను.

మధ్యాహ్నం కులంబర్ గుర్రం మీద వచ్చాడు. తోట మీద అధికారం చేసే తెల్లదొరను అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఒక కూలిమనిషి పని వదిలి పారిపోయిందని సర్దారు చెప్పాడు. దొర తనకొచ్చిన ముక్కల హిందుస్తానీలో నన్ను అడిగాడు.

"తనంతట తనే పారిపోయింది, అంతేనా? కోర్టులో ఆ మాట చెప్పు. రేపట్నుంచి నీ పనిలో నువ్వుండొచ్చు."

అంటే జైలు ఆమెకు, ఉద్యోగం నాకు.

"ఆమె పారిపోలేదు సాహెబ్. సర్దారు వద్దన్నాడు. వెళ్ళమన్నాడని నేను చెప్పాను."

"నీకు సరిగ్గా అర్థం కాలేదా?"

"అర్థమయ్యే అలా చెప్పాను. ఈ పని ఇంక చెయ్యను. నాకు పార ఇప్పించండి."

దొర సర్దారు వైపు చూసి నవ్వాడు. "పారే కావాలంటే ఇవ్వు," అని గుర్రం తిప్పుకున్నాడు.

గిర్మిట్ మనిషి పని మానడమన్నది లేదు. వేలిముద్ర వేశాక మానడమే నేరం. నేను మానగలిగింది ఆ ఒక్క పనిని మాత్రమే, అదీ అంతకన్నా కష్టమైన పనిలోకి దిగడానికి. అయినా ఆ సాయంత్రం లైన్లకు నడుస్తుంటే భుజం మండుతున్నా, అరచేతులు మళ్ళీ పగిలినా, నా నోరు నాకు తిరిగొచ్చినట్టు అనిపించింది. దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో అంత హాయి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

నేను వెళ్ళేసరికి చెక్కగోడ అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆడపిల్ల. ఇవతల నా భర్త పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. సంగతి అప్పటికే విన్నాడు.

"ఏటే నువ్వు సేసింది? నీ మీద కోపం ఆడు నా ఈపు మీద తీర్సుకుంటాడు. ఆలోసించినావా?"

ఆలోచించలేదు. అతనన్నట్టే జరిగింది. మర్నాటి నుంచి నా భర్తకు బురద కాలవ పనులే పడ్డాయి. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. సర్దారు మాట ధిక్కరించానని నా మీద కోర్టులో కేసు పెట్టారు, కొన్నాళ్ళు జైలు పడింది. అక్కడ కొబ్బరిపీచు తీస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి నా స్థానంలో వేరే మనిషి ఉన్నాడు. అతను మెత్తబరచడం అటుంచి, సర్దారు అనని మాటలు కూడా తనే చేర్చి తిట్టేవాడు. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే, ఆ సంగతి సర్దారు దాకా చేరేదే కాదు. ఒకనాడు పెద్దావిడ నా పక్క వరసలో కలుపు తీస్తూ, "నువ్వున్నప్పుడే నయమేమోనమ్మా," అంది. నేను కలుపు లాగుతూ ముందుకు జరిగాను.

బొబ్బిలి పిల్ల ఒళ్ళు కుదుటపడకముందే పనిలోకి రావలసివచ్చింది. సర్దారు భయానికి తోటలో నా వైపు చూసేది కాదు. సాయంత్రాలు మాత్రం మా గుమ్మం దగ్గరకొచ్చి, "అప్పా, దీన్ని కాసింత ఎత్తుకో, అన్నం వండుకుంతాను," అని బిడ్డను ఇచ్చి వెళ్ళేది. ఆనాటి సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

మా గిర్మిట్ తీరాక వాయిలేవు అనే ఊరి దగ్గర కౌలుకు నేల తీసుకున్నాం. ఇల్లింకా సగమే కట్టాం. అప్పుడు తోట నుంచి ఒక మనిషి వచ్చాడు. కొత్త ఓడలో మళ్ళీ తెలుగువాళ్ళు దిగారట, వాళ్ళకు మాట చెప్పడానికి నన్ను రమ్మన్నారట, ఉండడానికి గది కూడా ఇస్తారట. నేను నా భర్త మొహం చూశాను. అతను గడ్డి మోపు కట్టడం ఆపకుండానే ఆ మనిషితో అన్నాడు:

"మా ఆడది ఆ పని ఎప్పుడో మానేసింది బాబూ."

ఆ మనిషి వెళ్ళాక నా వైపు తిరిగి, "తప్పు సెప్పినానా?" అని అడిగాడు.

"నేదు," అన్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరు చెబుతున్నారో, ఏమని చెబుతున్నారో అని చాలాకాలం మనసు పీకుతూనే ఉండేది. వెళ్ళి ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.