నలభై రోజుల లెక్క

2014 జూలై 6, ఆదివారం, ఉదయం తొమ్మిదీ నలభై. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మా ఇంటి ముందు కారు సిద్ధంగా ఉంది. కోడలు తల మీద ముసుగు వేసుకుని, బిడ్డను ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

మనవడు పుట్టింది జూన్ 5న. ఆ ఆదివారం ముప్పై రెండో రోజు. మా ఇంట్లో బాలింత నలభై రోజులు నిండితే గాని చర్చి గడప తొక్కదు. పురుడు పోయడానికి గుంటూరు నుంచి వచ్చిన వియ్యపురాలికి శుక్రవారం విమానం. సంఘం ముందు బిడ్డను దేవునికి ప్రతిష్ఠించేటప్పుడు వాడు తన చేతుల్లో ఉండాలని ఆమె ఆశ. అందుకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

"ఎనిమిది రోజులే కదా అత్తయ్యా," అంది కోడలు.

"యేసును కన్న మరియమ్మే నలభై రోజులు ఆగింది. నువ్వెంత?"

నా కూతురి కూతురు కారు దిగి వచ్చింది. యూనివర్సిటీలో మధ్యయుగాల యూరప్ చరిత్ర చదువుతోంది.

"అమ్మమ్మా, బైబిల్లో లేవీయకాండం ప్రకారం ఆడపిల్ల పుడితే ఎనభై రోజులు కదా. నేను పుట్టినప్పుడు మమ్మీని ఎన్ని రోజులు ఆపావ్?"

"నలభై."

"అంటే నాకు ఫిఫ్టీ పర్సెంట్ డిస్కౌంటా?"

వియ్యపురాలు నవ్వు ఆపుకుంది. లెక్క తప్పింది నేనే. పంతొమ్మిదేళ్లుగా గమనించలేదు.

ఆడపిల్లకు రెండింతలు ఎందుకని అడిగాను. హవ్వ చేసిన తప్పువల్లనని మధ్యయుగాల పండితులు కొందరు చెప్పారట. బాలింత చర్చి గుమ్మం దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే, పాదిరి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేవాడట. అంతకు ఎంతో ముందే ఒక పోపు మాత్రం, కన్న గంటలోనే తల్లి వచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పినా పాపం కాదని రాశాడట.

"పోపే రమ్మంటే నువ్వు ఆపుతావేంటి?"

"మనం పోపు మాట వినే వాళ్లమా? ముందు ఏ పేజీలో ఉందో చూపించు."

ఆ సంగతి ఉన్న పుస్తకం మనవరాలి ఫ్లాట్‌లో ఉంది. కోడలు లోపలికి వెళ్లి ముసుగు తీసేసింది.

సోమవారం మనవరాలు పుస్తకం తెచ్చింది. ఆ పేజీని మూడుసార్లు చదివించుకున్నాను. పోపును ఈ సంగతి అడిగింది ఇంగ్లండులోని ఒక బిషప్పట. కన్న తల్లుల్ని ఎవరైనా అడిగారా అన్నాను. మనవరాలు ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పింది. అందులో లేదు.

బుధవారం ఉదయానికి, నలభై రోజులు ఆగనక్కర్లేదని నాకు నమ్మకం కుదిరింది. వెంటనే పాస్టరుకు ఫోన్ చేసి, రేపే ప్రతిష్ఠ చేస్తారా అని అడిగాను.

"దేశం దక్షిణపు చివర, ఇన్వర్‌కార్గిల్‌లో ఉన్నా ఆంటీ, శనివారం వస్తా. అయినా నలభై రోజుల రూల్ నేనెప్పుడు పెట్టాను?"

శుక్రవారం ఎయిర్‌పోర్టులో వియ్యపురాలు బిడ్డను చాలాసేపు ఎత్తుకుంది. "పర్లేదు వదినా, అక్కడినుంచే ప్రార్థన చేస్తా," అంది. ఆమె మళ్లీ ఈ దేశం రాలేదు. జూలై 20న ప్రతిష్ఠ జరిగినప్పుడు బిడ్డ నా చేతుల్లో ఉన్నాడు.

పోయినవి: ఒక ఆదివారం, పుస్తకంతో వాదించిన మూడు రోజులు, ఒక అమ్మమ్మ చేతుల్లో జరగవలసిన ప్రతిష్ఠ.